వియ్యంకులిద్దరూ, ట్రక్కు లైట్లూ

మా అమ్మాయికి పుట్టువెంట్రుకలు తీయించడానికి మోపిదేవి వెళ్లాల్సిన ముందురోజుకల్లా మా ఇంటికి రెండు ప్లగ్గు వైర్లు వచ్చాయి. ఒకటి మా మావయ్యగారు బందరు నుంచి తెచ్చారు. రెండోది మా నాన్న గుడివాడ నుంచి తెచ్చాడు. ఇద్దరూ ఒకే పని కోసం, ఒకరికొకరు చెప్పుకోకుండా తెచ్చారు.

ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కుకి లైట్లు వెలగాలంటే ట్రాక్టరులోని కరెంటుని దానికి అందించే వైరు ఒకటి ఉండాలి. దాని చివర గుండ్రటి ప్లగ్గు ఉంటుంది. కోతల రోజుల్లో మా పాత వైరు కొక్కెం మీంచి జారిపోయి, కాలవగట్టు రోడ్డు మీద ఎంత దూరం ఈడ్చుకుపోయిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి పైతోలంతా అరిగిపోయి, లోపలి రాగి తీగలు కొబ్బరి పీచులా బయటికొచ్చి ఉన్నాయి. అప్పటినుంచీ మా ట్రక్కు వెనక లైట్లు లేకుండానే తిరుగుతోంది. ధాన్యం పగలే తోలేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ, పక్కిళ్లవాళ్లూ ఎక్కి మోపిదేవి వెళ్లి, తిరిగొచ్చేసరికి పొద్దుపోతుంది. వెనక ఎర్రలైటు లేని బండి మీద పసిపిల్లని ఎక్కించుకుని రోడ్డెక్కడం మావయ్యగారికి ఇష్టం లేదు. నేను ఫోనులో యథాలాపంగా చెబితే మా నాన్నకీ అదే దిగులు పట్టుకుంది.

మా అత్తగారి ఊరు దివిసీమలో, కోడూరు వైపు. మా పుట్టిల్లు గుడివాడ. మా నాన్న బతుకంతా అక్కడ ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపాడు. లారీలు, ట్రాక్టర్లు, కార్లు, ఏదొచ్చినా దాని కిందికి దూరి వైర్లు చూసుకునేవాడు. నేను బడి నుంచి రాగానే ఆ షాపులో పాత టైరు మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్నదాన్ని. ఆయన మాటకారి. బండి కింద పడుకుని కూడా పైనున్న మనిషితో కబుర్లు చెబుతూనే ఉండేవాడు. ఈ మధ్యే షాపు వేరేవాళ్లకి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నాడు.

మావయ్యగారు దానికి పూర్తిగా వేరే రకం. పొద్దున్నే మినుము చేలోకి వెళ్తారు. వస్తారు, తింటారు, పేపరు చూస్తారు. "ఊఁ", "అట్టాగే", "చూద్దాం", ఇంతకుమించి ఆయన నోటి వెంట మాట రావడం అరుదు. కోపం కాదు, గర్వమూ కాదు. అంతే, ఆయన తీరే అది. నేను కాపురానికొచ్చిన కొత్తలో భయపడ్డాను గానీ, నాకు ఒంట్లో బాగోలేనప్పుడు మా అత్తయ్యకంటే ముందు ఆయనే కొబ్బరిబోండాం కొట్టుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లడం చూశాక ఆ భయం పోయింది.

చిక్కల్లా ఈ ఇద్దరు వియ్యంకుల మధ్యే. పెళ్లయినప్పటినుంచీ వాళ్లు మాట్లాడుకున్నదంతా కలిపితే అరచేతిలో పడుతుంది. "బాగున్నారా బావగారూ?" "ఆఁ, మీరు?" "బాగున్నామండీ." తర్వాత ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఒకరు ఫ్యాను వంకా, ఒకరు వాకిలి వంకా చూసేవారు. మా నాన్న ఏదో ఒకటి ఎత్తుకునేవాడు. వానల సంగతి, బందరు పోర్టు సంగతి, బస్సుల రద్దీ. మావయ్యగారు "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ"తో మాట అక్కడే ఆగిపోయేది.

వెళ్లేటప్పుడు బస్సెక్కుతూ నాన్న నన్ను పక్కకి పిలిచి అడిగేవాడు. "మీ మావయ్యగారికి నేనంటే ఏమన్నా కోపమా అమ్మా?"

ఇటు ఇంటికొస్తే అత్తయ్య, "మీ నాన్నగారికి మనింట్లో ఇబ్బందిగా ఉందేమోనని మీ మావయ్య ఒకటే ఇదవుతున్నారే" అనేది.

ఇద్దరికీ నేనేమని చెప్పను? ఎవరి మీద ఎవరికీ ఏమీ లేదని చెప్పేదాన్ని. ఎవరూ నమ్మేవారు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మా నాన్నా అవనిగడ్డలో బస్సు దిగి ఆటోలో వచ్చారు. అన్నాలయ్యాక అమ్మ సంచి విప్పి పిల్లకి పట్టుపావడా, మా అత్తయ్యకి చీరా, అరిసెల డబ్బా తీసింది. చివర్లో నాన్న తన చేతిసంచిలోంచి చుట్ట చుట్టిన నల్లటి వైరు బయటికి తీశాడు.

"ఇదిగోండి బావగారూ. మన ట్రక్కుకి ప్లగ్గు వైరు పోయిందని అమ్మాయి చెప్పింది. అందుకని పట్టుకొచ్చాను."

మావయ్యగారు ఆ వైరు వంక చూశారు. లేచి లోపలికి వెళ్లిపోయారు. మా నాన్న ముఖం చిన్నబోయింది. నా వంక చూశాడు. అంతలో మావయ్యగారు బయటికొచ్చారు. ఆయన చేతిలో కూడా చుట్ట చుట్టిన నల్లటి వైరు ఉంది.

"నిన్న బందరు వెళ్తే తెచ్చానండీ" అన్నారు.

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే మీదే వేద్దాం బావగారూ" అన్నాడు నాన్న.

"అబ్బే. మీరు అంత దూరం నుంచి తెచ్చారు."

"దూరందేముందండీ, బస్సే కదా తెచ్చింది. మీదే వేయండి."

"కాదండీ, మీదే."

ఈ మర్యాద ఎంతకీ తెగేలా లేదు. మా అత్తయ్య విసుక్కుంది. "ఏదో ఒకటి వేయండి బాబూ, చీకటి పడుతుంది. రేపు పొద్దున్నే బయల్దేరాలి" అంది. దాంతో ఇద్దరూ చెరొక వైరూ పట్టుకుని వాకిట్లోకి నడిచారు.

ట్రాక్టరూ ట్రక్కూ పశువుల చావిడి పక్కన ఉన్నాయి. ఈ ప్రయాణం కోసమే మావయ్యగారు ట్రక్కుకి కొత్తగా నీలం రంగు వేయించారు. సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి వెళ్తున్నాం కదా అని వెనక తలుపు మీద రెండు నెమళ్లు కూడా వేయించారు. పెయింటరు మంచి ఉత్సాహం మీద ఉన్నట్టున్నాడు. తోకలు తలుపు మీద పట్టక, లైట్లు బిగించే పక్క కమ్మీల దాకా పాకిపోయాయి. మావయ్యగారు పైకి ఏమీ అనరు గానీ, ఆ వారమంతా సాయంత్రం కాగానే కుర్చీ తీసుకెళ్లి ట్రక్కు వెనకే వేసుకుని కూర్చోవడం నేను గమనించాను.

ఆయన కటింగుప్లేయరు తీసుకుని పాత వైరు విప్పబోయారు. కొత్తది చుట్టి టేపు వేసేద్దామని ఆయన ఉద్దేశం. మా నాన్న కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వియ్యాలవారింట్లో కల్పించుకోకూడదని అనుకున్నట్టున్నాడు. కానీ తనని తాను ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఒక్క మాట బావగారూ. ఏమనుకోకండి. ఇప్పుడు కొత్త వైరు వేశాక లైటు వెలగలేదనుకోండి. తప్పు ఎవరిదని అనుకుంటాం? వైరుదా, ట్రక్కుదా, ట్రాక్టరుదా? అందుకని ముందు ట్రాక్టరు సంగతి విడిగా చూద్దాం. తర్వాత ట్రక్కు సంగతి విడిగా చూద్దాం. రెండూ బాగున్నాయంటే అప్పుడు మధ్యన వైరు పెడదాం."

అరుగు మీద పిల్లకి ఉగ్గు పెడుతున్న మా అత్తయ్య నవ్వింది. "పెళ్లి సంబంధానికి రెండు పక్కలా వాకబు చేసినట్టుందండీ అన్నయ్యగారూ" అంది.

మావయ్యగారు కటింగుప్లేయరు కింద పెట్టారు. "అట్టాగే కానివ్వండి" అన్నారు.

మా ఆయన అప్పుడు ఇంట్లో లేరు. రేపటి పొంగలికి సరుకులు తేవడానికి అవనిగడ్డ వెళ్లారు. ట్రాక్టరు ఎక్కి బ్రేకూ, ఇండికేటర్లూ నొక్కే మనిషి కావాలి. మావయ్యగారు చుట్టూ చూసి, "నువ్వెక్కమ్మా" అన్నారు నాతో.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ట్రాక్టరు సీటు మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. చీరకుచ్చెళ్లు దోపుకుని ఎక్కాను. పైనుంచి చూస్తే మా పెరడు వేరే ఊరిలా ఉంది. గోడ అవతల పక్కింటివాళ్ల వడియాలు, దూరంగా పచ్చటి మినుము చేలు, వాటి మీద కొంగలు. నాన్న ట్రాక్టరు వెనక సాకెట్టు దగ్గర వంగి, రెండు తీగలు అతికించిన చిన్న బల్బు తీశాడు. అది ఆయన జేబులో లేని రోజు నాకు గుర్తులేదు.

"ఎడమ ఇండికేటరు వేయమ్మా."

నేను ధైర్యంగా ఒక మీట నొక్కాను. హారను మోగింది. చావిడిలో కోళ్లు గోలగోలగా ఎగిరాయి. అత్తయ్య ఒళ్లో పిల్ల ఉలిక్కిపడి, ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక నా వంక చూసి, చివరికి నవ్వింది. మళ్లీ నొక్కమని చేతులాడించింది.

రెండోసారి సరైనదే నొక్కాను. నాన్న చేతిలో బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఒక్కొక్కటీ చూశాం. కుడి, బ్రేకు, పార్కింగు. ట్రాక్టరులో లోపమేమీ లేదు.

తర్వాత ట్రక్కు వంతు. నాన్న పాత వైరు విప్పేసి, ట్రక్కులోకి వెళ్లే తీగల కొసలు చాకుతో శుభ్రంగా గీకి, విడివిడిగా పరిచాడు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి పొడవాటి వైరు లాగి, ఒక కొస ట్రక్కు ఇనుముకి బిగించాడు. రెండో కొసని ఆ తీగలకి ఒక్కొక్కదానికే తాకిస్తూ పోవాలి. ఏ తీగకి వెనక ఏ లైటు వెలిగిందో ఒకరు వెనక నిలబడి చెప్పాలి. నాన్న ముందు, మావయ్యగారు వెనక. మధ్యలో ట్రక్కంత దూరం.

మా నాన్నకి కుడి చెవి కొంచెం మందం. అది మావయ్యగారికి తెలియదు.

"వెలిగిందా బావగారూ?"

"ఊఁ."

"బావగారూ, వెలిగిందా?"

"వెలిగిందండీ."

"ఏమిటీ?"

"వెలిగిందండీ."

"వినపడట్లేదు బావగారూ! వెలిగిందా లేదా?"

అప్పుడు మా మావయ్యగారు గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచారు. "వెలిగిందీ!"

ఆ గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. మునగచెట్టు మీద కాకులు లేచిపోయాయి. వంటింట్లోంచి మా అమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని నన్ను కంగారుగా అడిగింది. గోడ అవతల పక్కింటావిడ తల పైకొచ్చింది.

"ఏం లేదమ్మా, పార్కింగు లైటు వెలిగింది" అన్నాను.

ఒకసారి గొంతు విప్పాక మావయ్యగారికి మొహమాటం పోయింది. ఆ తర్వాత అరుపులే అరుపులు. "పార్కింగు కుడిది వెలిగిందీ!" "బ్రేకు, కుడివైపు బాగుందీ! ఎడమది గుడ్డిగా ఉందీ!" "ఇదేందండీ, ఎడమ ఇండికేటరు తాకించారా? కుడివైపు బ్రేకు లైటు మినుకుమంటందీ!"

నాన్న తీగ వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు. ఆ నడక నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బండిలో జబ్బు దొరికినప్పుడు ఆయన అలా నింపాదిగా నడుస్తాడు.

"ఎర్తు అందట్లేదండీ ఎడమవైపు" అన్నాడు. "వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి దారుండాలి కదా. ఆ దారి ఈ ఇనుమే. ఎడమ లైటుకి ఇనుము తగలట్లేదు. దారి మూసుకుపోతే అది ఊరుకోదు, పక్కలైటులోంచి దూరి బయటపడాలని చూస్తుంది. అందుకే ఇక్కడ నొక్కితే అక్కడ మినుకుమంటోంది."

మావయ్యగారు ఒక్క క్షణం ఆలోచించారు. "మురుగు బోదె పూడిపోతే మన నీళ్లు పక్కోడి చేలో తేలినట్టన్నమాట" అన్నారు.

నాన్న కళ్లు పెద్దవి చేసుకుని ఆయన వంక చూశాడు. "సరిగ్గా అదే! ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు బావగారూ. మా షాపులో కుర్రాళ్లందరికీ గంటలు గంటలు చెప్పేవాణ్ణి."

ఎడమ లైటు దగ్గర నాన్న వంగి చూశాడు. బోల్టు చుట్టూ వేలితో తడిమాడు. తర్వాత నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక మా నాన్న ఆగడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"ఈ రంగు ఎప్పుడు వేయించారండీ?"

"పోయిన వారం."

లైట్లు విప్పి, కమ్మీకి దళసరిగా రంగు వేసి, ఆ రంగు మీదే మళ్లీ లైటు బిగించాడు పెయింటరు. బోల్టుకీ ఇనుముకీ మధ్య రంగు పొర అడ్డుపడింది. దాన్ని గీకాలి. కానీ సరిగ్గా అక్కడే ఎడమవైపు నెమలి తోక చివర ఉంది. ఆకుపచ్చ, బంగారు రంగు, మధ్యలో నీలం కన్ను. ఆ బొమ్మ మొత్తంలో అందమైన భాగం అదే.

"వద్దులెండి బావగారూ" అన్నాడు నాన్న. "విడిగా ఒక తీగ లాగి కిందనుంచి ఎర్తు ఇద్దాం. తీగ కాస్త వేలాడుతుంది గానీ పని జరుగుతుంది. ఇంత ముచ్చటపడి వేయించుకున్నారు."

"వేలాడితే ఎక్కడో తెగుద్దిగా?"

"అంటే... తెగొచ్చు."

మావయ్యగారు పనిముట్ల డబ్బాలోంచి ఆకురాయి తీసుకున్నారు. లైటు విప్పి పక్కన పెట్టి, నెమలి తోక చివర కన్ను మీద ఆకురాయి ఆనించి బరబరా గీకారు. రంగు పొట్టు ఆయన ముంజేతి మీద రాలింది. కింద ఇనుము తెల్లగా మెరిసింది.

మా అత్తయ్య "అయ్యో!" అంది.

"నెమలికి ఏటా తోక రాలుద్దే" అన్నారు మావయ్యగారు, చెయ్యి ఆపకుండానే. "మళ్లీ మొలుస్తది."

నాన్న ముందు నవ్వు ఆపుకోవాలని చూశాడు. ఆయన వల్ల కాలేదు. ట్రక్కు చక్రానికి ఆనుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. మావయ్యగారి పెదవులు కూడా కదిలాయి. అంతకు ముందెప్పుడూ నేను చూడని నవ్వు అది.

లైటు మళ్లీ బిగించారు. ఈసారి తీగలు తాకిస్తే ఎడమవైపు బ్రేకు లైటు దానిమ్మగింజలా ఎర్రగా వెలిగింది. ఇక మిగిలింది కుడి ఇండికేటరు. దానిలో అసలు చలనమే లేదు. నాన్న బల్బు తీసి చూశాడు, బాగానే ఉంది. తీగలో ఎక్కడో తెగిందని, కుడివైపు చట్రం వెంట ఒక కొస నుంచి వెతుక్కుంటూ వెళ్లాడు. ఎంత వెతికినా దొరకలేదు. చెమటలు పట్టాయి.

"అటు కాదండీ" అన్నారు మావయ్యగారు. "తొట్టి అడుగు తుప్పు పడితే బందరులో రేకు మార్పించాను. అప్పుడు ఆ వెల్డింగతను ఈ తీగని ఎడమవైపు మళ్లించాడు. నిప్పురవ్వలు పడతాయని."

అంటూనే ఆయన నేల మీద తువ్వాలు పరుచుకుని ట్రక్కు కింద పడుకున్నారు. నాన్న కూడా ఆయన పక్కనే దూరాడు. బయటికి నాకు నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి. రెండు మినుము చేలో బురద పట్టి పగిలినవి, రెండు సాక్సు ముద్రలు పడినవి. లోపల్నించి మాటలు వినిపిస్తున్నాయి. ఈసారి మాట్లాడుతున్నది ఎక్కువగా మావయ్యగారే. ఆ రేకు ఎందుకు మార్పించారో, అంతకుముందు ఒకసారి ఇదే ట్రక్కు నాగాయలంక దారిలో ఎలా దిగబడిందో, ధాన్యం బస్తాలన్నీ దింపి మళ్లీ ఎలా ఎత్తారో, అంతా చెబుతున్నారు. నాన్న "ఊఁ" కొడుతున్నాడు. నేను, మా అత్తయ్య ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

తెగిన అతుకు మట్టి పట్టిన టేపు ముద్దలో దొరికింది. దాన్ని గట్టిగా ముడేసి, మళ్లీ తాకించి చూశారు. అన్ని లైట్లూ దేనికది పలికాయి.

"ఇప్పుడు వైరు పెడదాం" అన్నాడు నాన్న. మళ్లీ ఎవరి వైరనే ప్రశ్న వచ్చింది. మావయ్యగారు తనది వెనక్కి దాచుకుని, "మీదే" అని ఖాయంగా చెప్పారు. నాన్న కాదనలేక తన వైరు విప్పి, దాని ప్లగ్గుని ట్రాక్టరు సాకెట్టులో పెట్టబోయాడు. దిగలేదు. తిప్పి పెట్టాడు. ఊహూఁ. కళ్లజోడు సవరించుకుని ప్లగ్గులోకి తొంగిచూశాడు. తర్వాత నెమ్మదిగా నుదురు కొట్టుకున్నాడు.

"ఇది లారీలకి వేసేది. నడిమి పుల్ల తేడా. బతుకంతా ఇవే బిగించి, ఈ పూట లారీది కొనుక్కొచ్చాను చూడండి."

ఎవరూ నవ్వలేదు. ఆయన మరీ చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడ్డాం. మావయ్యగారు ఆ వైరుని ఆయన చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా చుట్ట చుట్టారు.

"ఉంచండి బావగారూ. లారీ కొన్నప్పుడు వాడుకుందాం."

ముందు నవ్వింది మా నాన్నే. ఆ నవ్వులు ఆగేసరికి పక్కింటావిడ కూడా గోడ మీంచి నవ్వుతూ ఉంది. ఎందుకో ఆవిడకి తెలియదు పాపం.

బందరు వైరు చక్కగా దిగింది. అప్పటికి వెలుతురు తగ్గి, చేల మీద మంచు పల్చగా దిగుతోంది. నేను మళ్లీ సీటెక్కి ఒక్కొక్కటీ వేశాను. వెనక నెమళ్లు రెండూ ఎర్రటి కాంతిలో వింతగా మెరిశాయి. ఇండికేటరు వేసినప్పుడల్లా పిల్ల చేతులు చరుస్తూ, అది ఆరగానే మూతి ముడుస్తూ, మళ్లీ వెలగగానే కేరింతలు కొట్టింది. ఆ ఆట ఎవరికీ ఆపబుద్ధి కాలేదు. "బ్యాటరీ దిగిపోతుందే" అని నాన్నే అన్నాడు, "ఇంకొక్కసారి వేయమ్మా" అనీ ఆయనే అన్నాడు. సరుకుల సంచులతో బండి మీద వచ్చిన మా ఆయన వాకిట్లో ఆగి, "మన ట్రక్కేనా ఇది? రోడ్డు మీంచి చూసి ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను" అన్నారు. తర్వాత ట్రాక్టరు మీద నన్ను చూసి సంచులు అక్కడే కింద పెట్టేశారు.

మర్నాడు తెల్లవారుతుండగానే ట్రక్కులో ఎండుగడ్డి పరిచి, పైన జంపఖానాలు వేసి, పొంగలి గిన్నెలతో, పాలక్యానుతో బయల్దేరాం. అవనిగడ్డ దాటేసరికి ఎండ వచ్చింది. గుళ్లో జనం బాగానే ఉన్నారు. పుట్టలో పాలు పోసి, పిల్లకి వెంట్రుకలు తీయించడానికి కూర్చున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. నాకు అన్నదమ్ములు లేరు. దానికి ఎవరినో దూరపు వరసవాళ్లని అనుకున్నాం, వాళ్లు రాలేకపోయారు. మావైపు లోటు బయటపడిందన్నట్టు మా అమ్మ తల వంచుకుంది.

"బావగారున్నారుగా" అన్నారు మావయ్యగారు. "ఆయనే కూర్చుంటారు. తాతకంటే ఎవరు కావాలి?"

నాన్న చొక్కా విప్పి, కండువా కప్పుకుని కూర్చున్నాడు. పిల్ల ఆయన ఒళ్లో కుదురుగా ఉంది. మంగలాయన కత్తి తలకి తగలగానే ఏడుపు అందుకుంది. అప్పుడు మా మావయ్యగారు ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక చేతి వేళ్లు ముడుస్తూ, విప్పుతూ, "వెలిగిందీ! ఆరిందీ! వెలిగిందీ!" అనడం మొదలుపెట్టారు. ఏడుస్తూనే పిల్ల నవ్వింది. పక్కన మొక్కు తీర్చుకుంటున్న వాళ్లు ఈ పెద్దాయనకేమైందని చూశారు. ఆయన పట్టించుకోలేదు. నాన్న మాత్రం తల పైకెత్తలేదు. కండువా అంచుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

తిరుగు ప్రయాణంలో పొద్దు గుంకింది. గంధం పూసిన గుండుతో పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. వియ్యంకులిద్దరూ వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. మా ఆయన బ్రేకు వేసినప్పుడల్లా నాన్న తలుపు మీంచి కిందికి వంగి, "వెలుగుతోంది బావగారూ" అని కబురు చెబుతున్నాడు. ఆయన ఎక్కడ పడిపోతాడోనని మావయ్యగారు వెనకనుంచి చొక్కా పట్టుకుని ఉన్నారు. వెనకొచ్చిన ఆర్టీసీ బస్సు మా ఎర్రలైట్లు చూసి దూరంగానే నెమ్మదించి, దారి చూసుకుని పక్కనుంచి వెళ్లింది. ఇద్దరూ ఆ డ్రైవరుకి చెయ్యెత్తారు.

నాన్న మర్నాడు వెళ్లిపోవాల్సింది. పొద్దున్నే కాఫీలవుతుండగా వీధి చివర ఇంటాయన వచ్చి, "మా ట్రక్కు కూడా ఒకసారి చూస్తారేమోనని..." అని నసిగాడు. వియ్యంకులిద్దరూ కలిసే వెళ్లారు. ఒకరు ముందు, ఒకరు వెనక. అరుపులు మా ఇంటిదాకా వినిపించాయి. ఆ మర్నాడు ఇంకొకరు వచ్చారు. అమ్మ ఒక్కతే గుడివాడ వెళ్లిపోయింది. నాన్న ఉండిపోయాడు. మధ్యాహ్నాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవారు. మాట్లాడేది ఎక్కువగా నాన్నే అయినా, మధ్యమధ్యలో మావయ్యగారి "ఊఁ" వినపడేది. ఇప్పుడు ఆ "ఊఁ" దగ్గర మాట ఆగేది కాదు.

చివరికి నాన్న బయల్దేరిన రోజు మావయ్యగారు ఆయన్ని అవనిగడ్డలో బస్సెక్కించి వస్తానని వెళ్లారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అత్తయ్య కంగారు పడుతుంటే నా ఫోను మోగింది. మా నాన్న నంబరు. కానీ మాట్లాడింది మావయ్యగారు.

"గుడివాడలో ఉన్నానమ్మా" అన్నారు. "మాటల్లో పడి నేనూ బస్సెక్కేశాను. మీ నాన్నగారి పాత షాపు చూస్తున్నాను. రేపొస్తానని మీ అత్తయ్యకి చెప్పు."

వెనకనుంచి మా నాన్న గొంతు వినిపించింది. "ఎల్లుండి అని చెప్పండి బావగారూ!"

"ఎల్లుండంటమ్మా" అన్నారు మావయ్యగారు.